ఏడో వరస, ముప్ఫై రెండో చెట్టు

ఇక్కడ చెట్లకు పేర్లుండవు.
పేరు పెట్టించుకోవాలంటే
ఇరవయ్యేళ్ళు పరీక్షలు రాయాలి.
అందాకా వరస నంబరు, చెట్టు నంబరు,
మానుకి వైరుతో కట్టిన అల్యూమినియం బిళ్ళ.

బర్లింగ్టన్‌కి దక్షిణాన, సరస్సు గాలి తగిలే వాలులో
యూనివర్సిటీ వాళ్ళ యాపిల్ తోట.
సెప్టెంబరంతా నా ఉద్యోగం కొరకడం.
కొరుకు, నములు, ఉమ్ము, రాయి.
రోజుకి నూట ఇరవై కాయలు.
మధ్యలో ఉప్పులేని బిస్కెట్టు, గుక్కెడు నీళ్ళు.
సాయంత్రానికి నాలుక
తడిసి ఆరిన అట్టముక్క.

కాగితంలో ఐదు గడులు:
తీపి, పులుపు, కరకర, రసం, రంగు.
ఒక్కోదానికీ ఒకటి నుంచి తొమ్మిది.
మొత్తం ముప్ఫై దాటకపోతే
డూయీ థిబొడో నీలం రంగు డబ్బాతో వస్తాడు.
మానుకి అడ్డంగా ఒక్క గీత.
నీలం అంటే నవంబర్లో రంపం.
ముప్ఫై నాలుగేళ్ళుగా గీస్తున్నాడు,
గీసేముందు ప్రతిసారీ టోపీ వెనక్కి జరుపుతాడు.
ఎందుకని అడిగితే, కళ్ళకి అడ్డమొస్తుందంటాడు.

ఏడో వరస, ముప్ఫై రెండు.
కాయ చిన్నది, బుగ్గమీద తుప్పు మచ్చ.
కొరికాను.
ముందు పులుపొచ్చి పలకరించి పోయింది.
తీపి గుమ్మం దాకా వచ్చి ఆగింది.
ఆ తర్వాత, చిగుళ్ళ కింద నుంచి
ఎవరో మెల్లగా దారం లాగి
నోరంతా కుచ్చు పోసినట్టు
వగరు.

ఉమ్మలేదు. మింగాను.
ఉసిరికాయ తిన్నాక నీళ్ళు తియ్యబడతాయే,
ఆ నీళ్ళ కోసం సీసా ఎత్తాను.
తియ్యగానే ఉన్నాయి.

రాద్దామంటే గడి లేదు.
డాక్టర్ లిండ్‌క్విస్ట్‌ని అడిగాను,
నోరు పట్టేసే రుచి ఎక్కడ రాయాలని.
"అది రుచి కాదు, లోపం," అంది.
"పులుపులో రెండు మార్కులు తగ్గించు."
తగ్గించాను. మొత్తం ఇరవై ఏడు.
మార్జిన్లో మాత్రం తెలుగులో రాశాను, మూడక్షరాలు.
కంప్యూటర్లోకి ఎక్కించే కుర్రాడు ఓవెన్
అది మరకా, మాటా అని అడిగాడు.
రెండూ అన్నాను.

నీలం గీత పడ్డ చెట్ల కాయలు
శనివారం షెడ్డు ముందు బల్లమీదికొస్తాయి.
స్టూడెంట్లే అమ్ముతారు,
చిల్లర లెక్క తప్పడం కూడా చదువులో భాగమే.
వినూస్కీ నుంచి బస్సులో ధనమాయ తమాంగ్ వస్తుంది.
భూటాన్లో పుట్టి, నేపాల్ శిబిరంలో పద్దెనిమిదేళ్ళుండి,
ఇప్పుడు ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతోంది.
ప్రతి బుట్టలోనూ ఒక కాయ కొరికి చూస్తుంది,
ఎవరూ కాదనరు.
ముప్ఫై రెండు కొరికింది.
ఒక కన్ను మూసింది.
"టర్రో," అంది, తనలో తను.
నాకు నేపాలీ రాదు.
ఆ మూసిన కన్ను మాత్రం అర్థమైంది.
"వగరు," అన్నాను.
"బగరు," అని నోట్లో తిప్పి చూసుకుంది.
మూడు బుట్టలూ సంచిలో వంచుకుంది.

నవంబర్లో రంపం రానే వచ్చింది.
నేనేమీ కాపాడలేదు.
ఒక కొమ్మైనా దాచాలని తోచలేదు కూడా.
ఊడదీసిన బిళ్ళని డూయీ కాఫీ డబ్బాలో వేశాడు.
డబ్బా నిండా బిళ్ళలే,
ఊపితే హుండీలా మోగుతుంది.

ఫిబ్రవరి. మంచు కింద వరసలన్నీ ఒకటే.
శాలువాలో చుట్టి ధనమాయ సీసా తెచ్చింది.
ఎండబెట్టిన ముక్కలు, ఆవపొడి, మెంతులు, నూనె.
గ్రీన్‌హౌస్‌లో నారుతట్టలు పక్కకి జరిపి కూచున్నాం.
డూయీ బిస్కెట్టుకి రాసుకుని
కారే ముక్కుతో ఇంకొంచెం అన్నాడు.
లిండ్‌క్విస్ట్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని
చాలాసేపు అద్దాల్లోంచి బయటికి చూసింది.
"ఏ చెట్టు?"
చెప్పాం.
ఏమీ అనలేదు.
వేలు నాకి, కోటుకి తుడుచుకుని,
వచ్చే ఏటి కాగితం ముందుకి లాగి
రంగు పక్కన స్కేలు ఆనించి
పెన్సిలుతో ఇంకో నిలువు గీత గీసింది.

పైన ఏం రాయాలో తెలియక
పెన్సిలు చెవిమీద పెట్టుకుంది.
సీసాలో ఇంకా సగం ఉంది.